ఓబుళమ్మ వంటింట్లో ఓట్స్ బిస్కెట్లు

మా వీధిలో ఒక అమ్మాయి ఈ మధ్య ఒక పల్లె అంగన్‌వాడీలో చేరింది. చేరిన వారానికే ముఖం వేలాడేసుకొని మా ఇంటికి వచ్చి, ఆ ఊళ్లో తన మాట ఒక్కరూ వినడం లేదని చెప్పుకొంది. నాకు నవ్వొచ్చింది. నా మాట వినకపోవడం అటుంచి, నేను కలిపిన పిండిని గిన్నెతో సహా ఎత్తి వీధిలో పారబోసిన ఊళ్లో నేను ఉద్యోగం చేశాను. ఆ అమ్మాయికి చెప్పిన సంగతులే ఇక్కడ రాస్తున్నాను. ఎప్పుడు ఎక్కడికి బదిలీ అయింది, ఎవరు ఏ సర్టిఫికెట్ ఇచ్చారు అన్నవి రాయను. అవి చదివేవాళ్లకు అక్కరలేదు. నాకూ గుర్తులేవు.

నేను గ్రామసేవికగా చేరింది యాభైలు ముగుస్తున్న రోజుల్లో. మా నాయన గుంతకల్లు రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. ఆడపిల్లను ఒంటరిగా పల్లెలకు పంపుతావా అని బంధువులు నిలదీస్తే, పోయిన రైలు తిరిగి రాదా, పోనీయండి అన్నాడు. అట్లా నేను బయలుదేరాను. పొగ రాని పొయ్యి వేయించడం, కుట్టు నేర్పడం, బాలవాడిలో పిల్లలకు ఒక పూట తిండి పెట్టడం, వంటలు చేసి చూపించడం, ఇదీ మా పని అని చెప్పారు. ఇంకొకరి ఇంటి గడప బయట ఓపికగా నిలబడడం కూడా మా పనేనని మాత్రం ఎవరూ చెప్పలేదు.

గంజి కథ

అరవైల నడుమ వానలు వరుసగా తప్పాయి. గుత్తి నుంచి నేను పనిచేసే ఊరికి పది మైళ్లు. దారి పొడుగునా వేరుశనగ చేలు నెర్రెలు విచ్చి ఉండేవి. ఊళ్లో సగం మంది నూలు బట్టలు నేసేవాళ్లు, తక్కినవాళ్లు కూలికి పోయేవాళ్లు. నేతకు నూలు దొరక్క, కూలికి పని దొరక్క, ఆ రెండేళ్లు అందరికీ కష్టంగానే గడిచాయి. బాలవాడికి వచ్చే ముప్పై మంది పిల్లల్లో మా దగ్గర తిన్నదే ఆ రోజుకు తిండి అయినవాళ్లు చాలామంది ఉన్నారు.

అప్పుడు మాకు ఓడల మీద వచ్చిన ఓట్స్ మూటలు, పాలపొడి పంపించారు. అటుకులకు దూరపు చుట్టంలా ఉన్నాయి. నీళ్లలో కాచి, పాలపొడి కలిపి పొయ్యమన్నారు. కాచాను. చల్లారేసరికి అందులో గరిటె నిలబడింది. పిల్లలు ఒక్కొక్క ముద్ద నోట్లో పెట్టుకొని, నా వంక చూసి, మర్యాదగా బయటికి పోయి ఉమ్మేసి వచ్చారు.

వారం గడిచాక మాత్రం పిల్లలు గిన్నెలు తెచ్చుకొని, ఇంటికి తీసుకుపోయి తింటామని అడగడం మొదలుపెట్టారు. రుచి అలవాటైందని పొంగిపోయాను. ఒకనాడు పొద్దున నేతవాళ్ల వీధిలోంచి పోతుంటే, వీధి పొడుగునా పడుగు చాచి, ఒకాయన కుంచెతో దారాలకు గంజి పట్టిస్తున్నాడు. ఆ గంజిలోంచి పాలపొడి వాసన వచ్చింది. అది ఏం గంజి అని అడిగాను.

"నీదే సేవికమ్మా," అన్నాడాయన కల్మషం లేకుండా. "మా గంజి కన్నా ఇదే బాగుండాది. దారానికి బాగా పట్టుకుంటాది."

ఇట్లాంటివి చూసి జనం దొంగలని, మూఢులని రాసుకొనిపోయిన ఉద్యోగులను నేనెరుగుదును. నాకైతే ఆ రోజూ అట్లా అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు. పిల్లలు ఉమ్మేసేదాన్ని పారబొయ్యకుండా ఒక పనికి వాడుకున్నారు. తప్పు నా వంటది. ఆ రోజు తిరుగుదారిలో నాలో నేనే చాలాసేపు నవ్వుకున్నాను. అయితే మరుసటి రోజు ఆ పిల్లల చేతులు పట్టుకొని అక్షరాలు దిద్దిస్తుంటే, ఆ మణికట్లు ఎంత సన్నగా ఉన్నాయో చూసి నవ్వు పోయింది. ఈ మూటల్లో ఉన్నది ఎట్లాగైనా వీళ్ల కడుపులోకి పోవాలి అనుకున్నాను.

పుస్తకంలో ఉన్న గుడ్డు

గుంతకల్లులో మా నాయనకు తెలిసిన గార్డు ఒకాయన ఉండేవాడు. ఆయన భార్య ఓట్స్, ఎండుద్రాక్ష కలిపి ఇంట్లోనే బిస్కెట్లు కాల్చేది. పండగకు మాకూ నాలుగు పంపేది. వాటి రుచి గుర్తొచ్చింది. నా శిక్షణ పుస్తకంలోనూ ఆ వంటకం ఉంది. మైదా, వెన్న, చక్కెర, ఓట్స్, ఎండుద్రాక్ష, గుడ్డు. నాకింకేం కావాలి?

చేసి చూపించడానికి నేతవాళ్ల వీధిలో పెద్ద అరుగున్న ఇల్లు ఎంచుకున్నాను. అది ఓబుళమ్మ ఇల్లు. ఓబుళమ్మకు అరవై దాటాయి, పళ్లు లేవు, ఆ వీధిలో మాత్రం ఆమె మాటకు తిరుగులేదు. ఆ ఇంట్లో గుడ్డు ముట్టరు. ఆ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. నాకొక్కదానికే తెలియదు, ఎందుకంటే నేను అడగలేదు. అడగకపోగా, పిండి కలపడానికి వాళ్ల ఇత్తడి గిన్నే అడిగి తీసుకున్నాను. ఇరవై మంది ఆడవాళ్లు చూస్తుండగా, పుస్తకంలో చెప్పినట్టే గుడ్డు పగలగొట్టి అందులో వేశాను.

ఓబుళమ్మ లేచింది. నా చేతిలోంచి గిన్నె తీసుకొని, వీధిలోకి పోయి, పిండి మొత్తం పారబోసింది. గిన్నెను బూడిదతో తోమి ఎండలో బోర్లించింది. అరుగంతా పేడనీళ్లు చల్లింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆమె నా వంక చూడను కూడా చూడలేదు.

మర్నాడు బాలవాడికి నలుగురు పిల్లలు వచ్చారు. సేవికమ్మ పోసే గంజిలోనూ గుడ్డు ఉంటుందని పుకారు పుట్టింది. గుడ్డు తిననివాళ్లు ఎట్లాగూ రాలేదు. ఓబుళమ్మ గడప తొక్కనివ్వని మనిషి దగ్గరికి తమ పిల్లల్ని ఎందుకు పంపాలని తినేవాళ్లూ పంపలేదు. అదే వారం, జిల్లా నుంచి ఒక అధికారి నెలరోజుల్లో చూడడానికి వస్తారని, పిల్లలు లేని చోట నుంచి మూటలు ఇంకో ఊరికి తరలిస్తారని కబురు వచ్చింది.

మా పై అధికారిణి

మాకు పైన ముఖ్యసేవిక సరస్వతిగారు. గుంటూరు వైపు మనిషి. గొడుగు లేకుండా ఆమెను నేనెప్పుడూ చూడలేదు. మా ఊళ్ల ఎండను తనకు ఎవరో కావాలని చేసిన ద్రోహంలా భావించేది. మా వంటలకు వంక పెట్టేది, మా యాసకు నవ్వేది. ఆమె మీద నాకు కొంచెం కోపం ఉండేది. మీకూ ఇట్లాంటి పై అధికారి దొరకవచ్చు. అయితే వాళ్ల వంకలు లెక్కపెట్టడంతోనే సరిపెట్టుకోకండి, ఒకోసారి వాళ్లకు పని బాగా తెలిసి ఉంటుంది.

జరిగిందంతా ఆమెకు చెప్పాను. గుడ్డు సంగతి, గిన్నె సంగతి, నేను ఎంత బాధపడుతున్నానో ఆ సంగతీ చెప్పాను. ఆమె చివరిదాకా విని, ఒకే మాట అడిగింది.

"ఏవమ్మా రంగనాయకీ, తప్పయిపోయిందని నాకు చెప్పావు, తోటి సేవికలకీ చెప్పావు. ఆ పెద్దావిడకి చెప్పావా?"

చెప్పలేదు. పుస్తకం చూసి చేశాను గదా అని లోపల ఒక మూల నాకు పట్టుదల ఉండేది.

గడప బయట

మరుసటి రోజు ఓబుళమ్మ ఇంటి మెట్టు దగ్గర నిలబడ్డాను. ఆమె అరుగు మీద కూర్చొని రాట్నం తిప్పుతూ దారం చుడుతోంది. గుడ్డు వేసింది నా తప్పేనని, గంజిలో మాత్రం ఏనాడూ గుడ్డు వెయ్యలేదని, ఇదొక్కటి చెప్పి పోదామని వచ్చానని అన్నాను. ఆమె ఒక కండె పూర్తిగా చుట్టింది. ఇంకోటి మొదలుపెట్టింది. ఎండ నా నెత్తి మీదికి వచ్చింది. నేను కదల్లేదు.

"గుడ్డు తినేవాళ్లు తింటారు. అది వాళ్ల ఇష్టం," అంది చివరికి. "నా గిన్నెలో ఎయ్యాలంటే నన్ను అడగల్ల గదా?"

"అడగల్ల అవ్వా."

"ఇంకోతూరి చేస్తే నా వంటింట్లో చెయ్యి. నేను ఎదురుగ్గా కూసోని చూస్తా."

మొత్తం ఉద్యోగంలో నాకు దక్కిన ఉత్తర్వుల్లో అంతకన్నా మంచిది లేదు.

డబ్బా ఓవెన్

గుడ్డు లేదు, కరువులో వెన్న అసలే లేదు. ఆ రెండూ లేకుండా చేస్తే బిస్కెట్ పట్టుకోగానే పొడి పొడిగా రాలిపోయింది. నేను పుస్తకం తిరగేస్తూ కూర్చుంటే, తలుపు చాటు నుంచి ఓబుళమ్మ కోడలు సుంకమ్మ మెల్లగా అడిగింది. అప్పటిదాకా ఆ అమ్మాయి గొంతు నేను వినలేదు.

"బుడ్డల ఉండలకు బెల్లం పాకం పడతాము గదక్కా, దీనికీ పడితే?"

వేరుశనగలు పండే సీమలో పుట్టి, వేరుశనగ ఉండలు తిని పెరిగిన నాకు ఆ ఆలోచన రాలేదు. చదువుకున్నవాళ్లకు ఇట్లాంటి తెగులు ఒకటుంటుంది, పుస్తకం తెరవగానే సొంత ఇంటి వంట మరిచిపోతాం. సుంకమ్మ ఓట్సును ముందు బాండలిలో కమ్మని వాసన వచ్చేదాకా వేయించింది. వెన్నకు బదులు వేయించిన వేరుశనగ గింజలు నూరి కలిపింది. కొంచెం గోధుమపిండి, చిటికెడు సోడా, వేడి వేడి పాకం. ఎండుద్రాక్ష కొద్దిగానే ఉంది కాబట్టి గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, ఒక్కొక్కటి నాలుగు ముక్కలు చేసింది.

కాల్చడానికి ఓవెన్ కావాలి. గుత్తిలో డబ్బాలు అతికే ఖాసీం సాబు దగ్గర కిరసనాయిలు డబ్బాకు తలుపు, లోపల అర పెట్టించి తెచ్చాను. నిప్పుల మీద పెట్టి, లోపల పన్నెండు బిస్కెట్లు పేర్చాం. కాసేపటికి టంకం కరిగి, డబ్బా అడుగు ఊడి, పన్నెండూ నిప్పుల్లో పడ్డాయి. ఓబుళమ్మ కడుపు పట్టుకొని నవ్వింది. ఆమె నవ్వడం నేను చూడడం అదే మొదటిసారి, ఆ పన్నెండు బిస్కెట్లు పోయినందుకు నాకు విచారం కలగలేదు. డబ్బా తిరిగి తీసుకుపోతే ఖాసీం సాబు నన్నే కోప్పడ్డాడు. సామాన్లు దాచుకోవడానికి అనుకున్నానని, నిప్పు మీద పెడతానని ముందే చెప్పి ఉండాల్సిందని అన్నాడు. నిజమే. రెండో డబ్బాకు టంకం లేకుండా అంచులు మడిచి మేకులు కొట్టి ఇచ్చాడు. అది నా ఉద్యోగం ముగిసేదాకా ఉంది.

నిప్పు కూడా ఒక చదువే. వేరుశనగ పొట్టు వేస్తే భగ్గున మండి ఆరిపోయేది. తుమ్మబొగ్గులు కింద పరిచి, మీద బూడిద కప్పి, ఇంకో నాలుగు నిప్పులు డబ్బా నెత్తిన పెడితే కుదిరింది. మొదటి వాయి రాళ్లలా వచ్చింది. పళ్లు లేని ఓబుళమ్మే మాకు పరీక్ష. ఆమె నమలగలిగితే ఏ పిల్ల అయినా నమలగలదు. నాలుగు వాయిలు ఆమె చప్పరించి పక్కన పెట్టింది. ఐదోది పూర్తిగా తిని, ఇంకొకటి అడిగింది.

అంచు

ఒక చిక్కు మిగిలింది. మొదటి పళ్లెం వీధిలోకి తీసుకుపోతే పిల్లలు దూరం నుంచే చూసి, పిడకలని అన్నారు. గుండ్రంగా, గోధుమ రంగులో, గరుకుగా ఉన్న ఆ బిస్కెట్లను నేనూ ఒకసారి వాళ్ల కళ్లతో చూశాను. వాళ్లు అబద్ధం చెప్పలేదు.

సుంకమ్మ లోపలికి పోయింది. పాలపొడిలో చక్కెర పొడి, రెండు చుక్కల నీళ్లు కలిపి తెల్లటి ముద్ద చేసింది. కాగితాన్ని పొట్లంలా చుట్టి, మొన కత్తిరించి, అందులో ఆ ముద్ద నింపింది. బిస్కెట్ చుట్టూ చిన్న చిన్న గోపురాల వరుస గీసింది. మూడు నాలుగు గోపురాల మొనల మీద ఒక్కొక్క ద్రాక్ష ముక్క అద్దింది. పిడక పోయి, పట్టుచీర కొంగులోంచి కత్తిరించిన ముక్కలా తయారైంది.

సుంకమ్మ పుట్టిల్లు ధర్మవరం. వాళ్ల నాయన పట్టుచీరలు నేసేవాడు. అంచులన్నీ చిన్నప్పుడే ఆమె కంట్లో పడి ఉండిపోయాయి. అత్తగారింట్లో ఆడవాళ్లు దారం చుట్టాలే గానీ మగ్గం మీద కూర్చోకూడదు. బిస్కెట్ మీద నెయ్యకూడదని ఎవరూ అనలేదు గదా. ఓబుళమ్మ ఆ బిస్కెట్‌ను అరచేతిలో పెట్టుకొని, అటూ ఇటూ తిప్పి చూసి, "మీ నాయన నేసే గుడి అంచు గదమ్మే ఇది," అంది. సుంకమ్మ తల ఊపింది. ఆమె కళ్లు తడిశాయి. నేను డబ్బా తలుపు సర్దుతున్నట్టు అటు తిరిగాను.

పిల్లలు వచ్చారు. మొదటి రోజు తొమ్మిది మంది, వారంలో ముప్పై మంది. తినకుండా చేతిలో పెట్టుకొని అమ్మలకు చూపించడానికి పరుగెత్తేవాళ్లు. ద్రాక్ష ముక్కలు ఒకరికి మూడు, ఒకరికి నాలుగు పడ్డ రోజున జుట్లు పట్టుకున్నారు. ఆ తర్వాత నుంచి అందరికీ మూడే. పిల్లలకు తిండి పెట్టేవాళ్లకు నా సలహా ఇది: రుచి కొంచెం అటూ ఇటూ అయినా వాళ్లు క్షమిస్తారు, వాటా తేడా అయితే క్షమించరు.

జీపు వచ్చిన రోజు

అధికారి వచ్చాడు, పక్కన గొడుగుతో సరస్వతిగారు. పిల్లలు పాట పాడారు, బిస్కెట్లు తిన్నారు. ఆయన కూడా ఒకటి తిన్నాడు, రెండోదాన్ని చేతిలో పట్టుకొని ఆ అంచు చూస్తూ, ఇది ఎవరి పని అని అడిగాడు. మా సేవిక రంగనాయకిది అని సరస్వతిగారు గర్వంగా చెప్పింది. ఆయన నా వైపు చూసి మెచ్చుకోలుగా తల ఊపాడు.

నేను నవ్వాను. సుంకమ్మ పళ్లెం పట్టుకొని తలుపు దగ్గరే ఉంది. ఆమె పేరు చెప్పడానికి నాకు కావలసినంత సమయం ఉంది. చెప్పలేదు.

మూటలు మా ఊళ్లోనే ఉంటాయని తేలింది. జీపు పోయాక ఊరంతా సంబరంగా ఉంది. సుంకమ్మ పళ్లెం కడుగుతూ ఉంటే, నేను దగ్గరికి పోయి, గెలిచాం గదా అన్నట్టు ఏదో అన్నాను. ఆమె నీళ్లు వంచేసి, పళ్లెం తుడిచి, కోపం లేకుండా చెప్పింది.

"ఆయప్ప అడిగినప్పుడు నువ్వు నా తట్టు చూస్తావనుకుంటి అక్కా."

గుడ్డు వేసిన రోజు తెలియక చేశాను. ఇది తెలిసి చేశాను. ఈ ఉద్యోగంలో నన్ను ఎండలో నిలబెట్టినవాళ్లున్నారు, ముఖం మీద తలుపు వేసినవాళ్లున్నారు. ఎవరి మాటా ఇంతగా తగల్లేదు.

అనంతపురంలో

పదిహేను రోజులకు సరస్వతిగారు కబురు పంపింది. జిల్లాలోని సేవికలందరికీ అనంతపురంలో నేను బిస్కెట్లు చేసి చూపించాలట. నేను పోయి, అది నా పని కాదని, నేర్పాల్సింది సుంకమ్మ అని చెప్పాను. ఆమెకు కోపం వచ్చింది. పెద్దాయనకి ఒక మాట చెప్పి, ఇప్పుడు ఇంకో మాట ఎలా చెబుతామని అరిచింది. కాసేపు గొడుగు మూస్తూ, తెరుస్తూ కూర్చొంది. తర్వాత, ఆ అమ్మాయిని తీసుకురమ్మని, ఆయన సంగతి తను చూసుకుంటానని అంది. చూసుకుంది కూడా. ఆ రోజు సభలో అందరి ముందూ నిలబడి, పొరపాటు మాట చెప్పింది తానేనని ఒప్పుకొంది. నా పేరు ఎత్తలేదు. ఆమె మీద నాకున్న కోపం ఆనాటితో పోయింది. మా యాసకు ఆమె నవ్వడం మాత్రం పోలేదు.

భార్యను అంత దూరం పంపడానికి సుంకమ్మ భర్త తటపటాయించాడు. ఓబుళమ్మ ఆ చర్చను రెండు ముక్కల్లో తేల్చేసింది. పోతుందంది, తోడు తానూ వస్తానంది. గుత్తిలో బస్సెక్కినప్పుడు కండక్టరు డబ్బాను పైన వెయ్యమంటే ఆమె ఒప్పుకోలేదు. అనంతపురం దాకా ఓవెన్‌ను ఒళ్లో పెట్టుకొని కూర్చొంది.

హాల్లో నలభై మంది సేవికలు. అందరూ శిక్షణ పొందినవాళ్లు, చేతుల్లో పుస్తకాలు, పెన్సిళ్లు. సుంకమ్మకు చెమటలు పట్టాయి. ముందున్న గిన్నెలనే అటూ ఇటూ సర్దుతోంది. నేను లేవబోతే ఓబుళమ్మ నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. సుంకమ్మ ఓట్స్ బాండలిలో పోసి వేయించడం మొదలుపెట్టింది. చేతులు పనిలో పడ్డాక మాట దానంతట అదే వచ్చింది. ఎన్ని నిమిషాలు కాల్చాలని ఒక సేవిక అడిగితే, తనకు నిమిషాలు తెలియవని, కమ్మటి వాసన గది దాటి వీధిలోకి పోయినప్పుడు తీయాలని చెప్పింది. నలభై పెన్సిళ్లు ఆ మాటనే రాసుకున్నాయి. పాకం ముదురుతోందని ఓబుళమ్మ కూర్చున్నచోటు నుంచే రెండుసార్లు కేకేసింది. అంచు గీసే వేళకు అందరూ పుస్తకాలు పక్కన పెట్టి బల్ల చుట్టూ మూగారు. ఒక్కొక్కరి చేతికీ కాగితపు పొట్లం ఇచ్చి, వంకరగా వచ్చినవాళ్ల చెయ్యి పట్టుకొని మరీ గీయించింది సుంకమ్మ.

పోయేటప్పుడు తలుపు దగ్గర గుమాస్తా రెండు కాగితాలు పరిచి కూర్చున్నాడు. ఒకటి నేర్పడానికి వచ్చినవాళ్లది, ఇంకోటి నేర్చుకోవడానికి వచ్చినవాళ్లది. సుంకమ్మను పేరు అడిగాడు, ఊరు అడిగాడు, ఏం పని చేస్తావని అడిగాడు.

"నేర్పిస్తా," అంది.

గుమాస్తా రాసుకొన్నాడు. నేను పక్క కాగితం ముందుకు లాక్కొని, నలభై పేర్ల కింద ఉన్న ఖాళీలో నా పేరు రాశాను.